మూడు మూరల దూరం

పాడేరు నుంచి వచ్చిన జీపు దిగి, నాలుగేళ్ళ తర్వాత నిర్మల పనసగూడ మట్టిమీద కాలు పెట్టడం దగ్గర పోయిన వారం ఆగాం. ఆమె ఎందుకొచ్చిందో చదువుతున్నవారికి తెలుసు. ఆరేళ్ళ కూతురు భార్గవి జ్వరంతో పోయిన కొన్ని నెలలకే ఆమె, భర్త వంతల ఫల్గుణ విడిపోయారు. కోర్టు లేదు, కాగితం లేదు. ఊరిపెద్ద గాసి నాయుడు అందరి ముందూ, విస్తరిగా వాడే ఒక అడ్డాకును నిలువునా చించి, చెరో సగం చేతిలో పెట్టాడు. అంతటితో అయిపోయింది. మొన్న ఫల్గుణ తనంతట తానే పాడేరు వెళ్ళి, ఆమె పనిచేసే ఆడపిల్లల హాస్టల్ గేటు దగ్గర నిలబడి, తిరిగి రమ్మన్నాడు. ఆమె రెండు రోజులు ఆలోచించుకుని సరేనంది. రేపు పొద్దున గాసి నాయుడు కొత్త అడ్డాకు పరిచి ఇద్దరికీ ఒకే ఆకులో అన్నం పెడతాడు. ఈలోగా మిగిలిన పని ఒక్కటే. తల్లీ తండ్రీ కలిసి బిడ్డ రాయి దగ్గరికి వెళ్ళి, ఆ సంగతి బిడ్డకు చెప్పాలి.

అయిదు రోజుల ముసురు, ఆమె దిగిన మర్నాడు మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చింది. ఎండ రాలేదు గాని, వాన ఆగింది. కొండకు వెళ్ళిరావడానికి సరిపడా ఆగితే అదే పదివేలు అనుకున్నాడు ఫల్గుణ.

అతని తల్లి అచ్చియమ్మ గుమ్మంలో తలుపుతో కుస్తీ పడుతోంది. భుజంతో నెట్టింది. కాలితో తన్నింది. తలుపు సగంలో పట్టేసి కదల్లేదు.

"నెల్లాళ్ళ నుంచి ఇదే వరస. ఈ తలుపు మూసుకోదు, మూసుకుంటే తెరుసుకోదు. నాను సచ్చినాక నా శవాన్ని ఎలాగ బయటికి తెస్తారో ఏటో."

"వానకి చెక్క ఉబ్బిందమ్మా," అన్నాడు ఫల్గుణ.

"నలభై వానలు సూసింది ఈ చెక్క. ఈ ఏడే ఉబ్బిందా?"

నిర్మల బిందె పట్టుకుని వాకిట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చింది. పైన కొండ ఊట పారే గెడ్డ నుంచి గొట్టం వేసి తెచ్చిన కుళాయి అది. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. మండువేసవిలోనూ చిటికెన వేలంత ధార ఉండేది.

"అత్తా, ఇయ్యాల కూడా కుళాయిలో చుక్క నేదు."

"మూడు రోజులైనాది. మొదట బురద నీళ్ళొచ్చినాయి. తరవాత అవీ నేవు," అని ముసలమ్మ నవ్వింది. "కోడలొస్తందని గెడ్డకి సిగ్గేసినట్టుంది. మొకం దాసుకుంది."

నిర్మల కూడా నవ్వింది. నవ్వుతూనే కొండవైపు చూసింది. ఇంత వానలో ఎండిపోయిన ఊటను ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ముసలమ్మ లోపలికి వెళ్ళి రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి, పాత నల్లగొడుగు. విరిగిన ఊచను వెదురుపుల్లతో కట్టి ఉంది. రెండోది, అంచుమీద చుక్కలు చుక్కలుగా పి.నిర్మల అని కొట్టించిన స్టీలు పళ్ళెం.

"నువ్వు ఎల్లిపోయినప్పుడు వీడు దీన్ని కంటికి కనబడకుండా పడీమన్నాడు. నాను పడీలేదు. వడ్ల గాదెలో పెట్టినాను. పండక్కి పండక్కి తీసి తోముతన్నాను. తోమిన పళ్ళేనికి మనిసి వస్తదని మా అమ్మ అనీది."

నిర్మల పళ్ళెం తీసుకుని అంచుమీద తన పేరును బొటనవేలితో తడిమింది. దాన్ని పొయ్యి పక్కనున్న మేకుకు తగిలించింది. పాత మేకే. ఇన్నాళ్ళూ అక్కడ ఇంకేదీ తగిలించలేదని గోడమీద గుండ్రటి తెల్ల మచ్చ చెబుతోంది.

బయలుదేరుతుంటే ముసలమ్మ కొత్త సామల గింజలు గుప్పెడు ఆకులో పొట్లం కట్టి ఇచ్చింది.

"రాయిని మీరిద్దరే ముట్టండి. గింజలు దాని తలకాడ పొయ్యండి. బేగి వచ్చీండి. మబ్బు మళ్ళీ దిగతంది."

ముట్టడం గురించి ఆమె చెప్పనక్కర్లేదు. పనసగూడలో అందరికీ తెలిసిందే. పెద్దవాళ్ళను కాలుస్తారు. పసివాళ్ళను పూడుస్తారు. పూడ్చినచోట తలవైపు పెట్టిన రాయిని కన్నతల్లి, కన్నతండ్రి తప్ప వేరెవరూ తాకరు. అమ్మమ్మ అయినా సరే, నానమ్మ అయినా సరే. మేకలు కాసేవాళ్ళు ఆ ఛాయలకే మందను తోలరు. పొరపాటున ఇంకొకరి చెయ్యి తగిలితే, బిడ్డ ఆ చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి వచ్చేస్తుందని నమ్మకం. పనసగూడలో దొంగలు ఉండొచ్చు, తాగుబోతులు ఉండొచ్చు. పసిబిడ్డ రాయిని కదిపే మనిషి మాత్రం ఉండడు.

ఈ కథంతా ఆ నమ్మకం మీదనే ఇంత దూరం నడిచి వచ్చింది.

* * *

దారి కాఫీ తోటలోంచి పోతుంది. ఫల్గుణ ముందు నడిచాడు. చేతిలో వెదురుకర్ర. కాయలు ఎరుపెక్కుతున్నాయి. తడి ఆకులమీద అడుగుల చప్పుడు లేదు. కింద ఊళ్ళో ఎవరో డప్పు కాచి శ్రుతి చూస్తున్నారు. రేపటి కోసమే. రెండు దెబ్బలు, కాసేపు ఆగడం, మళ్ళీ రెండు దెబ్బలు.

"సెట్లు ఇలాగ వాలిపోయినాయేటి?" అంది నిర్మల.

కాఫీకి నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా పెరిగే జాతి. పిల్లలు గీసిన గీతల్లా ఉండేవి ఒకప్పుడు. ఇప్పుడు పది పన్నెండు చెట్లు, అన్నీ ఒకే వైపు, కొండవైపుకు తలలు వాల్చి ఉన్నాయి. వాటికి అల్లిన మిరియాల తీగలు ఒకవైపు బిగిసి, రెండోవైపు వదులై వేలాడుతున్నాయి.

"గాలి," అన్నాడు ఫల్గుణ. "మొన్న తుపాను గాలికి."

గాలికి వాలిన చెట్లు గాలి పోయేవైపు వాలతాయి. ఇక్కడ గాలి కొండమీంచి దిగువకు కొడుతుంది, ఇవేమో పైకి, కొండవైపు వాలాయి. ఆ మాట నిర్మలకు తోచింది గాని, చాలా రోజులకు పక్కనుండి మాట్లాడుతున్న మనిషితో మొదటి మాటే వాదన చెయ్యడం ఇష్టం లేక ఊరుకుంది.

నిటారు ఎక్కుడు దగ్గర అతను ఆగి కర్ర చివర ఆమెకు అందించాడు. ఆమె పట్టుకుంది. చెయ్యి అందించి ఉండొచ్చు. రేపటిదాకా చెయ్యి అందించకూడదని ఎవరూ అనలేదు. అయినా కర్రే అందించాడు. ఆ మొహమాటం చూసి ఆమెకు నవ్వొచ్చింది. పదహారేళ్ళ కిందట సంతలో మొదటిసారి మాట్లాడినప్పుడు కూడా ఈ మనిషి ఇలాగే ఆమె మొహం చూడలేక ఆమె గంపలోని అల్లం వంక చూస్తూ మాట్లాడాడు.

"సూసుకుని నడు," అన్నాడు. తర్వాత మెల్లగా, "నీకు సెప్పాలేటి. ఈ దారి నాకన్నా నీకే బాగా తెలుసు."

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. పాత రోజుల గురించి అన్నాడనుకుంది.

* * *

నల్లబండ కొండ లోపలి నుంచి పొడుచుకువచ్చిన రాయి. ఇల్లంత ఉంటుంది. దానికి దిగువన, కాఫీ మొక్కలు వెయ్యని చిన్న చదును. చుట్టూ ఫల్గుణ పేర్చిన ముళ్ళకంచె. ఆ రోజు గుంట తవ్వినప్పుడు అతనే బండ అంచు నుంచి మూడు మూరలు కొలిచాడు. బండమీద పడ్డ వాన జారి బిడ్డ తలమీద పడకూడదని. తల ఎగువకి, కాళ్ళు దిగువకి. తలవైపు రాయి అతను పెట్టాడు. కాళ్ళవైపు నిర్మల పసుపు దుంప ఒకటి నాటింది. అంతకుముందు వారమే భార్గవి, తనకు వేరే పసుపు మొక్క కావాలని, దానికి తనే నీళ్ళు పోస్తానని పేచీ పెట్టింది.

ఫల్గుణ కంచె తొలగించి, ఎగువన బండ పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. నిర్మల రాయి దగ్గరికి రాలేదు. తిన్నగా పసుపు మొక్కల గుబురు దగ్గరికి వెళ్ళింది. ఒక్క దుంప ఇప్పుడు నడుమెత్తు గుబురైంది. దాని ముందు కూచుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తలెత్తి రాయివైపు చూసింది. గుబురును చూసింది. మళ్ళీ రాయిని చూసింది.

ఆమె మొహం మారడం ఫల్గుణ చూశాడు.

"రాయి ఎవులు జరిపినారు?"

అతను చిన్నగా నవ్వాడు. ఈ ప్రశ్న వస్తుందని, తను ఏం జవాబు చెప్పాలో అని, దారి పొడుగునా తలుచుకుంటూనే ఉన్నాడు.

"నవ్వకు. అడగతన్నాను. దాని కాళ్ళు ఇక్కడ." ఆమె గుబురు మొదట్లో మట్టి తట్టింది. "దానికి అప్పటికి నా నడుమంత ఎత్తు నేదు. తల ఇక్కడికి రావాల. రాయి అక్కడెక్కడో పైన ఉంది. ఖాళీ నేలమీద ఉంది. నా పిల్ల మీద నేదు. ఏటి సేసినావు నువ్వు? మొక్కలెయ్యడానికి అడ్డమని జరిపినావా?"

"నాను జరిపినానా? నువ్వు జరిపినదాన్ని మళ్ళీ సోటులో పెట్టినాను."

"నానా?"

"కోపం నేదు నిర్మలా. ఎప్పుడూ నేదు." అతను కర్రను బండకు ఆనించాడు. "పోయినేడు కార్తీకంలో మొదటిసారి సూసినాను. రాయి బెత్తెడు కిందికి వచ్చింది. నాను కొలిసి పెట్టిన రాయి కదా, నాకు తెలీదా. ఎవులు ముట్టతారు? నాను ముట్టనేదు. అంటే నువ్వే. నువ్వే ఎవులికీ సెప్పకుండా వచ్చి, దాన్ని ఒళ్ళోకి లాక్కుని కూకున్నావనుకున్నాను. లాగితే జరిగిందనుకున్నాను. మళ్ళీ మూడు మూరలు కొలిసి పెట్టినాను. సంక్రాంతి దాటినాక మళ్ళీ బెత్తెడు. ఆషాఢంలో జానెడు. మొన్న భాద్రపదంలో ఏకంగా మూరెడు. నీకు దుఃఖం ఎక్కువైనాదనుకున్నాను."

ఆమె గుబురు మొదట్లోని తడిమట్టిని వేళ్ళతో నొక్కింది.

"వచ్చినప్పుడల్లా నీకోసం ఏదో ఒకటి పెట్టి ఎల్లీవాడిని. అరటిపళ్ళు, జాంపండు, సీతాఫలం. మళ్ళీ వచ్చేసరికి ఉండీవి కావు. తిన్నావు, సాల్లే అనుకునీవాడిని."

"తొక్కలు ఉండీవా?"

"ఉండీవి."

"నాను నా పిల్ల తలకాడ పళ్ళు తిని తొక్కలు పడేస్తానా?" ఆమె గొంతులో నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. "సంవత్సరం పాటు కోతులకి పళ్ళు మోసినావు."

అతను కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"నువ్వు రానేదా?"

"నేదు."

"ఒక్కపాలైనా?"

"ఒక్కపాలి కూడా నేదు. ఆకు చించిన రోజు దిగినాను, మళ్ళీ నిన్ననే ఎక్కినాను. ఈ కొండవైపు వచ్చే బస్సు స్టాండులో కనపడితే మొకం తిప్పుకునీదాన్ని. దాని దగ్గరికి రావడానికి భయం నాకు. ఏటని సెప్తాను దానికి?"

ఇద్దరికీ ఆ రోజే గుర్తొచ్చింది. అప్పుడు నిర్మల ఆశ కార్యకర్త. ఊరూరా జ్వరాలు. పొద్దున భార్గవి నుదురు వెచ్చగా ఉంటే మాత్ర వేసి, పక్క కొండమీద గూడెంలో ముగ్గురు పిల్లలు మూలుగుతున్నారని కబురొస్తే వెళ్ళింది. ఆ ముగ్గురూ బతికారు. ఆమె సాయంత్రం తిరిగొచ్చేసరికి భార్గవి కళ్ళు తేలేసింది. డోలీ కట్టి మోసుకెళ్తుంటే, అప్పట్లో దూరంగానే ఆగిపోయే రోడ్డు ఇంకా అరమైలు ఉందనగా పోయింది. ఖాళీ డోలీతో తిరిగి వస్తూ ఫల్గుణ ఒకే ఒక మాట అన్నాడు. "ఊరందరి పిల్లలకీ మందిచ్చినావు. మన పిల్లకే నేదు." ఆ మాట అతను మళ్ళీ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు. అది ఇంట్లో పొయ్యి పక్కన, మంచం కింద, చూరులో, అన్నిచోట్లా ఉండిపోయింది.

నిర్మల లేచి నిలబడింది. సామల పొట్లం ఇంకా చేతిలోనే ఉంది.

"హాస్టల్ గేటు కాడ ఏటన్నావు నువ్వు? 'నీ మనసు నాకు తెలిసింది, నాకు కోపం పోయింది, వచ్చీ' అన్నావు. నాను రెండు రాత్రులు నిద్దర పోనేదు. ఏ సాక్ష్యం నేకుండా, ఏ మాటా అడక్కుండా ఈ మనిసి నన్ను మన్నించినాడు, నా తప్పు ఒగ్గీసినాడు అనుకున్నాను. అందుకే వచ్చినాను. ఇప్పుడేటి? నాను ఇక్కడికి వస్తన్నాననుకుని నా దగ్గరికి వచ్చినావు."

"ఊఁ."

"రానేదని తెలిస్తే?"

కింద డప్పు రెండు దెబ్బలు కొట్టి ఆగింది. ఫల్గుణ అబద్ధం వెతుక్కోలేదు. వెతికినా దొరికే మనిషి కాదు.

"తెలీదు," అన్నాడు.

ఆమె తల ఊపింది. అదే జవాబు వస్తుందని తెలిసినట్టు. "రేపు ఆకు పరిసేముందే తెలిసింది, మంచిదైనాది."

"ఆగు. నాకు మాటలు బేగి రావు." అతను బండకు చెయ్యి ఆనించుకున్నాడు. "ఆ రాయి ఎత్తినప్పుడల్లా, నీ చెయ్యి పడిన సోటే నా చెయ్యి పడతందనుకునీవాడిని. మొదటిపాలి ఎత్తినప్పుడు కోపంతోనే ఎత్తినాను. ఇప్పుడొచ్చి ఏటి లాభం అనుకున్నాను. రెండోపాలి నువ్వు ఎలాగ ఎక్కినావో, కాలు జారిందేమో అనుకున్నాను. మూడోపాలి నాను అన్న ఆ మాట నాకే వినబడింది. ఇక్కడే. ఈ బండకాడ కూకుని ఏడిసినాను. నువ్వు వచ్చినావో నేదో, రాయి కోతి జరిపిందో దెయ్యం జరిపిందో, నా కోపమైతే పోయింది. అది నిజంగా పోయింది. నువ్వు రానేదని ఇప్పుడు తెలిసింది కదా. ఎతుక్కుంటన్నాను. అది తిరిగి రానేదు."

పొగమంచు కాఫీ మొక్కల మధ్యకు దిగుతోంది. నిర్మల చాలాసేపు అతని మొహం చూసింది. ఈసారి అతను గంప వంక చూడలేదు. ఆమె వంకే చూశాడు.

"రాయి సోటులో పెడదాం రా," అందామె చివరికి. గొంతు మెత్తబడింది. "ఎక్కడ పెట్టినావో ఏటో. నిన్న పొద్దున్న కూడా కొలిసినావా?"

"నువ్వొస్తావని కొలిసినాను. సరిగ్గా మూడు మూరలు." అతను వంగాడు. బండ అంచుకు మోచెయ్యి ఆనించి, చెయ్యి చాచి, నేలమీద మూర వేశాడు. ఒకటి. రెండు. మూడు.

మూడో మూర చివర వేలికొసకు రాయి తగల్లేదు.

ఇంకో మూర వేశాడు. దాదాపు దాని చివరన రాయి తగిలింది.

అతను వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఏటైనాది?"

"నిన్న పొద్దున్న మూడు. ఇప్పుడు నాలుగు." తలెత్తాడు. "నువ్వు నిన్న దిగినప్పటి నుంచి అమ్మ పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"నాను రానేదు."

ఎవరూ ముట్టలేదు. పనసగూడలో ఎవరూ ముట్టరు. ఇద్దరూ రాయివైపు చూశారు. తర్వాత ఇద్దరూ ఒక్కసారే పసుపు గుబురువైపు చూశారు.

"రాయిని ఎవులో జరిపినారనుకుందాం," అంది నిర్మల, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ. "మొక్కని ఎవులు జరిపినారు? నాను పెట్టినప్పుడు ఈ మొక్క కాడ కూకుంటే బండ రెండంగల్లో ఉండీది. ఇప్పుడు సూడు, ఎంత దూరం. పసుపు దుంప నడవదు కదా."

రాయి జరగలేదు. నేల జరిగింది. నేలతో పాటు రాయి, మొక్క, కింద పడుకున్న బిడ్డ, అందరూ కలిసి జరిగారు. ఫల్గుణ ప్రతిసారీ రాయిని ఒక్కదాన్నే వెనక్కి తెచ్చాడు. బిడ్డ మాత్రం మెల్లమెల్లగా, ఎవరికీ చెప్పకుండా, కొండ దిగుతూనే ఉంది.

వాలిన చెట్లు. మూసుకోని తలుపు. ఎండిన కుళాయి. విడివిడిగా చూసినప్పుడు ప్రతిదానికీ ఒక జవాబుంది. గాలి, వాన, సిగ్గు. ఇప్పుడు అన్నిటికీ కలిపి ఒకటే జవాబు వచ్చి ముందు నిలబడింది. వాలు మొత్తం, ఊరితో సహా, జారుతోంది.

బండకూ రాయికీ మధ్య ఒక పల్లం ఉంది. ఎండుటాకులు నిండి, మీద ఫెర్న్ మొక్కలు మొలిచి ఉంది. వాననీరు కోసుకుపోయిన కాలువ అనుకుని ఫల్గుణ ఎన్నిసార్లు దాన్ని దాటాడో. ఇప్పుడు బండ దగ్గరికి తిరిగి వెళ్ళి, వెదురుకర్ర అందుకుని ఆకుల్లోకి గుచ్చాడు. కర్ర మోకాలంత దిగింది. నొక్కాడు. నడుమంత దిగింది. ఇంకా నొక్కాడు. పిడికిలి ఆకులకు తగిలింది. కర్ర చివర ఇంకా ఏదీ తగల్లేదు.

"ఫల్గుణా." పెళ్ళైనప్పటి నుంచి ఆమె అతన్ని పేరుతో పిలిచింది రెండు మూడుసార్లే. "కింద నీళ్ళు."

ఆమె చెప్పులు విడిచి నిలబడింది. అరికాళ్ళ కింద సన్నగా వణుకు. చెవి పెట్టి వింటే, ఇంట్లో ఎవరో పక్కగదిలో బిందె నింపుతున్నట్టు చప్పుడు. ఊట ఎండిపోలేదు. మూడు రోజులుగా అది ఈ వాలు అడుగుకు పోతోంది. ఈ వాలు కిందనే పన్నెండు ఇళ్ళు.

"నిర్మలా, కదలకు." అతను కర్ర పైకి లాగి ఆమెవైపు చాచాడు. "మెల్లగా రా. ఇది పట్టుకుని ఇటు దాటీ. బండ కదలదు. బండ మీంచి గట్టు పట్టుకుని రోడ్డుకి ఎల్లిపోదాం."

ఆమె పగులుకు దిగువన ఉంది. అతను ఎగువన. మధ్యన రెండడుగుల ఆకులు. దాటడం పెద్ద పని కాదు. ఆమె ఒక అడుగు వేసి కర్ర పట్టుకుంది. అంతలో మళ్ళీ డప్పు. రెండు దెబ్బలు. ఆమె తల తిప్పి కిందికి చూసింది. పొగమంచులోంచి రెండు మూడు కప్పులు కనిపిస్తున్నాయి. ఒకదాని మీంచి పొగ లేస్తోంది. అచ్చియమ్మ పొయ్యి వెలిగించినట్టుంది. పక్కింటి తొట్టి నుంచి అరువు నీళ్ళు తెచ్చుకుని ఉంటుంది. ఆ తలుపు సగంలో పట్టేసి ఉంటుంది.

"ఊరికి ఎవులు సెప్తారు?" అంది.

"గట్టు మీంచి ఎల్లి సెప్దాం."

"గట్టు సుట్టూ తిరిగితే రెండు గంటలు. ఇటు దిగితే పావుగంట. సిగ్నలు నేదు, ఫోను నేదు." ఆమె కర్ర వదిలేసింది. "నువ్వు అటు ఎల్లు. నాను ఇటు దిగతాను."

ఫల్గుణ గొంతులో ఒక మాట లేచింది. ఎంతో పాత మాట. ఊరందరికీ అని మొదలయ్యే మాట. ఊరందరికోసం పరుగెడతావు, నీ సొంతమనుకున్నది ఒడ్డున నిలబడి ఉన్నా. నాలుగేళ్ళ కిందట ఈ మాటే అన్నాడు. దాని ముందు ఒక ఇల్లు నిలబడి ఉండేది, దాని తర్వాత లేదు. ఆ రోజు పక్క గూడెంలో బతికిన ముగ్గురు పిల్లల్లో ఒకడు నిన్న నిర్మల జీపు దిగగానే వచ్చి ఆమె సంచి మోసుకెళ్ళాడు. ఎవరూ చెప్పకుండానే. ఆ పిల్లవాడి కాళ్ళు అంత పొడవుగా పెరిగాయని ఫల్గుణ అప్పుడే మొదటిసారి గమనించాడు.

మాటను మింగేశాడు. పగులు ఇవతలి నుంచి అవతలికి, బండ నుంచి వాలుమీదికి, ఒక్క అంగలో దాటాడు.

అతని బరువు పడగానే కాలికింద నేల మెత్తగా, పరుపులా, ఒక వేలంత దిగింది.

"ఏటి సేత్తన్నావు?" ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. "అటు సక్కగా ఉన్నావు కదా."

"ఇటు దిగితే పావుగంట అన్నావు కదా. పద."

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసింది. ఆ చూపుకు రేపటి అడ్డాకుతో పని లేదు. తర్వాత చప్పున వంగి సామల పొట్లం విప్పి, గింజలు రాయి దగ్గర కాదు, పసుపు గుబురుకు ఎగువన, తల ఉండాల్సిన చోట పోసింది. గుబురు మొదట్లోంచి ఒక దుంప విరిచి కొంగున కట్టుకుంది.

"అమ్మా, మీ నాయనా నానూ కలిసే ఉంటన్నాం," అంది నేలతో. పిల్ల తెల్లారి బడికి వెళ్తుంటే వెనక నుంచి చెప్పినట్టు అంది.

ఫల్గుణ చెయ్యి చాచాడు. కర్ర కాదు, చెయ్యి. ఆమె పట్టుకుంది.

పరుగు మొదలెట్టారు. కాఫీ కొమ్మలు మొహాలకు కొట్టుకున్నాయి. వాలిన చెట్ల మధ్య నుంచి పోతుంటే ఒక మిరియాల తీగ పక్కన టప్పున తెగింది. ఎవరూ దాన్ని ముట్టలేదు. ఇంకొకటి తెగింది. ఎడమ పక్కన, ఎన్నడూ నీళ్ళు లేనిచోట, మట్టిలోంచి ఎర్రటి నీరు ఉబికి దారికి అడ్డంగా పారుతోంది. ఇద్దరూ దాన్ని తొక్కుకుంటూ దిగారు. ఒక్క మంచి ఏమిటంటే వాన ఇంకా పడలేదు. ఇంకో పావుగంట, అంతే, ఇంకో పావుగంట ఆగితే చాలు అని ఫల్గుణ ఎవరినో అడుగుతున్నాడు. ఎవరినో అతనికే తెలియదు.

మలుపు దగ్గర ఆగారు. అక్కడి నుంచి కేక వేస్తే ఊళ్ళో వినబడుతుంది. మామూలు రోజుల్లో పన్నెండు కప్పులూ కనబడతాయి. ఇప్పుడు మంచు తప్ప ఏమీ లేదు. మంచులోంచి డప్పు మాత్రం వస్తోంది. ఇప్పుడు రెండు దెబ్బలు కాదు, శ్రుతి కుదిరినట్టుంది, వరసగా వాయిస్తున్నారు. పిల్లలు ఎవరో దానికి గెంతుతూ నవ్వుతున్నారు.

"ఈ సప్పుడులో మన కేక వినబడదు," అన్నాడు ఫల్గుణ, రొప్పుతూ.

"ఇద్దరం కలిసి ఎయ్యాల. గుండెల నిండా ఊపిరి తీసుకో."

తీసుకున్నారు.

డప్పు ఆగిపోయింది. నవ్వులు కూడా ఒక్కసారే ఆగిపోయాయి.

వాళ్ళిద్దరూ ఇంకా కేక వెయ్యలేదు.